సమ్మెట చప్పుడు



మీరెప్పుడైన హైదరాబాదు వచ్చినయెడల, వారాసిగూడ ఇండ్లవరుసలు దాటి, జామై ఉస్మానియా రైలు స్టేషను మీదుగా తూర్పునకు నడచి చూడుడి. సందడి తగ్గి, చెట్లును బండలును కనబడును. అది ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము. ఈ ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అక్కడ ఆర్ట్సు కళాశాల నిలిచియున్నది. 1934లో పునాదిరాయి వేసిరి. 1939లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ప్రారంభించెను. గోడలు గ్రానైటు రాతివి. చూచువారెల్లరు దాని ఎత్తైన ద్వారమును కొనియాడుదురు. అయితే మీరు ఈ నగరపు బండలను కూడ పరికించి చూడుడి. కొన్నిటి అంచున చిన్న గుంటలు వరుసగా కనబడును. అవి రాతిపనివారి గురుతులు. ఉలితో గుంటలు తొలిచి, వాటిలో ఇనుప మేకులు దిగవేసి, ఒకదాని తరువాత ఒకదానిపై సమ్మెటతో కొట్టుదురు. ఒక్క దెబ్బకు రాయి పగులదు. దెబ్బ వెంబడి దెబ్బ పడగా, గీత గీసినట్లు చీలును. మేడను ప్రారంభించిన రాజు పేరు చరిత్రలో నున్నది. గుంటలు తొలిచినవాని పేరు ఎవ్వరును వ్రాయలేదు.

సొలొమోను కట్టించిన మందిరమును గూర్చి 1 రాజులు 6:7 చదువుడి. రాళ్లను గనియొద్దనే సిద్ధపరచి తెచ్చిరి గనుక, కట్టుచోట ఇనుప పనిముట్ల చప్పుడు లేకపోయెను. ఎంత పరిశుద్ధమైన నెమ్మది! అయినను ఆ చప్పుడు కొండలలో మ్రోగకపోలేదు. కొండలలో పనిచేసిన 80,000 మందిని, బరువులు మోసిన 70,000 మందిని ఆ గ్రంథమే 5:15లో లెక్కించి చెప్పుచున్నది. మనుష్యులు మరచినవారిని దేవుని వాక్యము మరువలేదు.

సహోదరులారా, మన గ్రామములలోను క్వారీ పనివారున్నారు. ఏండ్ల తరబడి రాతిదుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడి చెడును. ఆ జబ్బు వచ్చిన తరువాత పూర్తిగా నయము కాదు; దుమ్ము లేవకుండ నీరు పట్టి పనిచేయుట మేలు. మన గుడి పునాదిరాళ్లను అట్టివారే కొట్టిరి. ఆదివారమున వెనుక కూర్చుండి, దగ్గు నాపుకొనుచున్న సహోదరుని మీరు చూడలేదా? ఆరాధనలో నెమ్మది చెడెనని అతనివైపు తిరిగి చూడకుడి. కూటము ముగిసిన పిమ్మట అతని యింటికి వెళ్లుడి. ఎన్నాళ్లనుండి దగ్గుచున్నాడో అడుగుడి. ఆసుపత్రికి తోడు వెళ్లుడి.

మన మందిరపు నెమ్మదికి వెల యిచ్చినవాడు అతడే. ప్రభువు ఆ వెల ఎరుగును. మనమును ఎరిగి నడచుకొనుటకు ఆయన కృప చూపును గాక. ఆమేన్.