అడుగుకి ఒక నూలు

వెదురు చీలిక పైపచ్చ గీకేసి, లోపలి మెత్తటి భాగం గీకేసి, మధ్యలో మిగిలిన గట్టి నారను మేస్త్రీ వేళ్ల మధ్య తిప్పి చూశాడు. కొన చెక్కి, బల్లకు బిగించిన ఉక్కురేకు బెజ్జంలో దూర్చి, అవతలి వైపు నుంచి పట్టుకారుతో ఒక్క లాగు లాగాడు. పొట్టు ఇవతలే రాలింది. తర్వాత పక్క బెజ్జం, ఆ తర్వాత దాని పక్కది. రేకు మీద బెజ్జాలు వరసగా చిన్నవవుతూ పోతాయి. చివరిది కుట్టుసూది మాత్రమే దూరేంత. అందులోంచి బయటికొచ్చిన వెదురు పోగు మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. దాన్ని చిన్న ముక్కలు చేసి, ఓడ పక్కపలకల్లో ముందే వేసి ఉంచిన చిల్లుల్లో జిగురద్ది గుచ్చుతాడు. పైకి మిగిలిన తలలు కోసేసి ఉప్పుకాగితంతో రుద్దితే పలక మీద ఓ చుక్క కనిపిస్తుంది. అసలు ఓడలో ఆ చుక్క ఉన్నచోట కొయ్యమేకు ఉంటుంది.

"ఇట్లాంటివి ఎన్ని కొట్టాలి మేస్త్రీ గారూ?" అన్నాను.

"లెక్కబెడితే చెయ్యబుద్ధి కాదు బాబూ."

నన్ను ఏన్కూరు పంపింది ఓడల కోసం కాదు. సీతారామ ఎత్తిపోతల కాలువ గోదావరి నీళ్లు తెచ్చి ఇక్కడ సాగర్ కాలువలో కలిపే పని కదా, వెళ్లి రైతులతో మాట్లాడి రాయమన్నాడు ఎడిటరు. మా మేనమామ ఇదే ఊళ్లో మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. "కాలువ ఎక్కడికి పోతది? ముందు మా మేస్త్రీ ఓడ చూడు" అంటూ తల్లాడ-కొత్తగూడెం రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డుకి తీసుకెళ్లాడు. కాలువ కథ ఎడిటరుకి ఇంకా బాకీ ఉన్నాను.

షెడ్డు ముందు భాగంలో రెండు ద్వారబంధాలు, ఒక మంచం కోడు, బేరం కుదరని కిటికీ రెక్కలు. రెడీమేడ్ తలుపులు వచ్చాక ఇంటిపని సగానికి సగం పోయిందట. వెనక భాగం ఓడలది. రోడ్డు మీద బొగ్గు లారీ పోయినప్పుడల్లా బల్ల అదురుతుంది. అదురు మొదలవక ముందే ఆయన చేయి పైకి లేస్తుంది, లారీ దాటాక మళ్లీ పనిమీదికి దిగుతుంది. మాటల్లో ఉన్నా సరే, ఆ చేయి ఒక్కసారీ ఏమరలేదు.

కుర్రతనంలో బావమరిది వెంట కాకినాడ వైపు వెళ్లి, తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టే పెద్దమేస్త్రీ దగ్గర చేరాడు. బాడిస పట్టడం అక్కడే వచ్చింది. నడుము దెబ్బతిన్నాక ఊరికి తిరిగొచ్చాడు. పెద్ద కొయ్య ఎత్తలేని మనిషికి చిన్న కొయ్య పనికొచ్చింది.

ఇప్పుడు బల్ల మీదున్నది ట్రింకోమలీ అనే యుద్ధనౌక. సరుకు ఓడల్లో పనిచేసి రిటైరైన హైదరాబాదు ఆసామి ఒకరు ప్లాను తెచ్చిచ్చి చేయమన్నాడు. పేరు సింహళానిది, కట్టింది బొంబాయిలో. వాడియాల వంశపు జంషెడ్జీ బొమన్జీ మలబారు టేకుతో కట్టి 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దింపాడు. ఈనాటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో తేలుతూనే ఉంది. దాని ప్లానుకి ఓ కథ ఉంది. ఇంగ్లండు నుంచి మొదట పంపిన కాగితాలు, వాటిని మోసుకొస్తున్న ‘జావా’ అనే ఓడతోపాటు 1812లో సముద్రం పాలయ్యాయి. అమెరికా ఓడతో యుద్ధంలో అది పోయింది. ఏముంది, మరో నకలు పంపారు. పని మొదలైంది.

ఆ ప్లానును మేస్త్రీ తన లెక్కలోకి దించుకున్న తీరు నాకు భలే నచ్చింది. అడుగుకి ఒక నూలు. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు, అది ప్రతి వడ్రంగి నాలుక మీదా ఉండేదే. అంటే అసలు ఓడలో తొంభై ఆరో వంతు. ఫిరంగుల అంతస్తు పొడవు 150 అడుగులు, ఇక్కడ 150 నూళ్లు, అంటే పద్దెనిమిది ముప్పావు అంగుళాలు. ఐదున్నర అడుగుల నావికుడు ఈ ఓడెక్కితే ఐదున్నర నూళ్లుంటాడు. మూడంగుళాల పలక మందం నూలులో పావువంతుకి దిగిపోతుంది. క్యాలిక్యులేటర్ ముట్టకుండా ఇదంతా నోటితోనే చెబుతున్నాడు.

"టేకు ఓడ కదా, చుట్టూ టేకు అడవి పెట్టుకుని ఇంకో కర్ర ఎందుకు?" అన్నాను.

ఒక టేకు ముక్కను చిత్రిక పట్టి నా చేతిలో పెట్టాడు. దగ్గరగా చూస్తే కొయ్య నిండా గాట్లలా రంధ్రాలు. "ఈ బెజ్జాన్ని తొంభై ఆరింతలు చేసి చూడండి. ఓడ పలకలో బొటనవేలు దూరేంత బెజ్జం ఉంటదా?" ఓడ చిన్నదైతే కొయ్య చారా చిన్నదవాలి. అందుకని చేల గట్ల మీద కొట్టేసిన పాలకొడిశ తెచ్చుకుని నీడన ఆరబెడతాడు. ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్ర అని బొమ్మలు తిప్పేది దీన్నే. చార కంటికి ఆనదు. పసుపు రంగు కావాల్సిన చోట బండారు. టేకు పొడి మాత్రం దాచి ఉంచాడు, రంగు కలుపుకోవడానికి.

పలక వేయడం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఓడ నడుము లావు, ముక్కు సన్నం. ఒకే వెడల్పు పలకలు వేసుకుంటూ పోతే ముక్కు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అందుకని ప్రతి వంపు కర్ర మీదా కాగితం పట్టీ చుట్టి, పట్టీని పలకల సంఖ్యకి సమంగా భాగించి, ఆ గుర్తుల్ని కర్ర మీదికి ఎక్కిస్తాడు. ఏ పలక ఎక్కడ ఎంత వెడల్పుండాలో అది చెబుతుంది. ముక్కు దగ్గర పలక వెడల్పు సగానికన్నా తగ్గితే రెండు పలకల్ని ఒక్కటిగా కలిపేస్తాడు. వెనక భాగంలో ఖాళీ వస్తే కోసుగా చెక్కిన ముక్క అదనంగా ఇరికిస్తాడు. చెక్కిన పలకను వేడినీళ్లలో నానేసి, వేడెక్కిన గొట్టం మీద మెల్లగా దొర్లిస్తే వంపు తిరుగుతుంది. జిగురు ఆరేదాకా పట్టి ఉంచేవి బట్టల క్లిప్పులే. కుడివైపు ఒకటి వేస్తే ఎడమవైపు ఒకటి. ఒక పక్కే వేసుకుంటూ పోతే ఓడ మెలి తిరుగుతుందట. "పెద్ద ఓడకీ అంతే," అన్నాడు.

తాళ్లు కొనడు, పేనుతాడు. బల్ల చివర మూడు కొక్కేలు, వాటిని ఒకేసారి తిప్పే పళ్లచక్రాలు, అవతలి చివర జారే చిన్న బండి. మూడు పోగులు మెలిపడుతూ పొట్టిబడితే బండి దానంతటదే ముందుకొస్తుంది. అప్పుడు మూడింటినీ కలిపి ఎదురు మెలి. వదిలేసినా విప్పుకోని తాడు తయారు. తర్వాత తేనెమైనంలో రుద్ది నూగు అణుస్తాడు. తెరచాప కొయ్యను నిలబెట్టే తాళ్లకి తారు రంగు నలుపు, తెరచాపల్ని ఎత్తి దించే తాళ్లు లేత రంగు. నావికులు ఎక్కే తాళ్ల నిచ్చెనలో మెట్టుకీ మెట్టుకీ ముడి. సూదితో, పట్టుకారుతో వేసిన ఆ ముడి నిజంగా ముడే. జిగురుచుక్కతో మాయచేసింది కాదు.

ఆ ముడి చూస్తుండగానే కారు దిగి ఒకాయన లోపలికొచ్చాడు. ఎవరికో సన్మానమట. "ఈ ఓడ ఎంత? ఆదివారానికి ఇస్తావా? కింద అద్దం పెట్టి, లోపల లైట్లు వెలిగేటట్టు చెయ్యి, పక్కన సార్ పేరు రాయి." మేస్త్రీ నెమ్మదిగా, ఇది ఒకరి ఆర్డరనీ, ఇంకో ఏడాది పడుతుందనీ చెప్పాడు. "ఏడాదా? ఆన్‌లైన్లో రెండు వేలకి దొరుకుతుంది," అంటూ ఆయన పోయాడు. నాకు ఒళ్లు మండింది. మేస్త్రీకి మండలేదు. అలవాటైపోయినట్టుంది. "పోనీ లెండి, ఆయనకి కావలసింది ఓడ కాదు," అన్నాడంతే.

ఆయన బాధ వేరే ఉంది. పై అరలోంచి గుడ్డ కప్పిన ఒక చట్రం దించాడు. అడుగు దూలం, ముందు కొమ్ము, వెనక కొమ్ము, మూడే మూడు వంపు కర్రలు. దుమ్ము చూస్తే చాన్నాళ్లుగా ముట్టినట్టు లేదు. ఆయన చిన్నప్పుడు తాళ్లరేవులో పెద్దమేస్త్రీ కింద కట్టిన సరుకు ఓడకి నమూనా అది.

"ఇంగ్లీషోడి ఓడకి లెక్కుంది బాబూ. నేను చేతులారా కట్టిన ఓడకి లెక్క లేదు."

అక్కడ ఎవరూ కాగితం పట్టలేదు. పెద్దమేస్త్రీ తాడు లాగి, దూరంగా వెళ్లి, ఒక కన్ను మూసి చూసి, "రెండు వేళ్లు తియ్యి" అనేవాడు. కుర్రాళ్లు బాడిసతో తీసేవాళ్లు. మళ్లీ చూసి తలాడిస్తే అదే కొలత. ఓడ నీళ్లలో సమంగా కూర్చునేది, ఎవరూ తప్పు పట్టలేకపోయేవారు. "ఇప్పుడు చిన్నది చేద్దామంటే ఆ రెండు వేళ్లు ఎవరి వేళ్లు? ఆయన పోయాడు, ఆయన కన్నూ పోయింది." నడుము దగ్గరి మూడు వంపులు చేతులకి గుర్తున్నాయి. ముక్కు దగ్గరికొచ్చేసరికి చేయి ఆగిపోయింది. ఊహతో పూర్తిచేయవచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు అది తాళ్లరేవు ఓడ కాదు, నా ఓడ."

ఈ మాటకి వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. తాళ్లరేవు పక్కనే కోరంగి. తూర్పు తీరంలో పెద్ద ఓడల్ని బాగుచేయగల చోటుగా, ఓడలు కట్టే చోటుగా ఒకనాడు దాని పేరు సముద్రాల మీద వినిపించేది. 1802 ప్రాంతంలో ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన అక్కడ డాక్ కట్టించాడు. గోదావరి కొండల్లో కొట్టిన కలప తెప్పలుగా ఏటి మీద దిగువకి దిగేది. మేస్త్రీ షెడ్డు వెనక మొదలయ్యే అడవికీ కోరంగి ఓడకీ మధ్య ఆ ఏటి దారి ఉండేది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాత రేవు పూడిపోయింది. కట్టే చేతులు మాత్రం తాళ్లరేవులో మిగిలాయి, మన కాలం దాకా కడుతూనే వచ్చాయి. అన్ని తరాలు, అన్ని ఓడలు, అన్నీ కళ్లలోనే.

మన పడవల్ని కొలిచిన వాడు అసలు లేడా అంటే ఉన్నాడు, ఫ్రెంచివాడు. ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారీ అనే కుర్ర నౌకాధికారి 1830ల మొదట్లో ‘లా ఫావొరీత్’ అనే ఓడ మీద ప్రపంచం చుడుతూ కోరమండల్ తీరానికి వచ్చాడు. ఆగిన ప్రతి రేవులోనూ అక్కడి పడవల్ని కొలిచి, అడ్డకోతలు గీసి, 1840ల మొదట్లో పెద్ద గ్రంథంగా అచ్చు వేయించాడు. యూరపుకి బయటి జాతుల పడవల మీద అంతటి కొలతల పుస్తకం అంతకుముందు లేదు. 1871లో పారిస్‌లోని నౌకా మ్యూజియం బాధ్యత చేతికొచ్చాక, తన గీతల ఆధారంగా నమూనాలు చేయించి అక్కడ పెట్టించాడు. అలా మన తీరపు పడవలకి కొలతలు పారిస్‌లో దొరుకుతాయి.

ఇది చెబితే మేస్త్రీ కళ్లు మెరిశాయి. "వంపు వంపుకీ కొలతలున్నాయా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత కాసేపాగి, "మంచిదే. కానీ అది మా ముత్తాతల ఓడ. మేం కట్టేనాటికి ఇంజను పెట్టారు, వెనక భాగం మారింది, కడుపు మారింది. దాన్నెవరు కొలిచారు?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. మనవాళ్లకి నమూనా అంటే షోకేసు సరుకు, లేదా సన్మానం బహుమతి. అయినా నమూనా విలువ తెలిసిన చోటు మన తెలుగు నేల మీదే ఉంది. విశాఖలో నౌకాదళం కోసం పనిచేసే పరిశోధనశాల, 1969లో మొదలైన ఎన్‌ఎస్‌టీఎల్, అర కిలోమీటరు పొడవైన నీటి తొట్టిలో ఓడ నమూనాను లాగి చూసి, కట్టబోయే అసలు ఓడ ఎలా నడుస్తుందో ముందే చెబుతుంది. రేపటి ఓడకి అంత శ్రద్ధ ఉంది. నిన్నటి ఓడకి ఒక టేపు కూడా లేదు. ఎన్‌సీసీ నౌకా విభాగం పిల్లలు ఓడ నమూనాల పోటీలకి చక్కగా తయారవుతారు, చేసేవి యుద్ధనౌకలే. తాళ్లరేవు ఓడ చేద్దామని ఒక పిల్లకి బుద్ధి పుట్టినా ఇవ్వడానికి ప్లాను లేదు. గోదావరి మీదా ఇదే కథ. 1965లో భద్రాచలం వంతెన రాకముందు రాముడి దగ్గరికి జనాన్ని దాటించిన పడవలు, రాజమండ్రి నుంచి ఎదురెక్కి వచ్చిన కొయ్య లాంచీలు ఫొటోల్లో కనిపిస్తాయి. ఫొటో చూసి ఓడ కట్టలేం. ఫొటోకి ఒక పక్కే తెలుసు, కడుపు తెలియదు.

కష్టమైన పనా అంటే కాదు. ఎలా కొలవాలో మేస్త్రీ అక్కడికక్కడే ద్వారబంధానికి కుర్చీ ఆనించి చూపించాడు. ఒడ్డున ఎక్కించిన ఓడ పక్కన పై అంచు నుంచి గుండుదారం వదలాలి. నేల నుంచి అడుగు అడుగుకీ, దారం నుంచి పలకదాకా ఎంత దూరమో రాసుకోవాలి. తర్వాత మూడడుగులు జరిగి మళ్లీ వదలాలి. ముక్కు దగ్గరా వెనకా అడుగుకొకసారి. ఒక పక్క చాలు, రెండోది దాని జోడే. మధ్యలో ఏ చేవకర్ర ఏ వంపుకి వాడారో, పలకల సందుల్లో ఏం కూరారో కట్టినవాణ్ణి అడిగి రాసుకోవాలి. దారం, గుండు, టేపు, నోటుబుక్కు, ఇద్దరు పిల్లలు, ఒక వడ్రంగి. ఇంజినీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న రెండు రాష్ట్రాల్లో ఒక్క వేసవి ప్రాజెక్టు చాలు. అదే కొలత అడుగుకి నూలు చొప్పున కాగితం మీదికి ఎక్కితే, ఆ కాగితం నాలుగు చోట్ల ఉంటే, ఒకటి మునిగినా మరొకటి పంపవచ్చు. బొంబాయి ఓడ కథలో మనం నేర్చుకోవలసింది టేకు గొప్పదనం కన్నా ఆ రెండో నకలు సంగతే.

ఏ కాలేజీ పిలిచినా తాళ్లరేవు వచ్చి కొలిపిస్తానన్నాడు మేస్త్రీ. బస్సు చార్జీ, భోజనం చాలట. ఆయనకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఒడ్డునున్న పాత కొయ్య ఓడలు ఏటేటా పొయ్యిలోకి పోతున్నాయి. పిలిచేవాళ్లు ఈ వేసవికే పిలవాలి.