కారు చేతులు మారింది, ప్యాకేజీ?

మూడేళ్లు తిరిగిన జర్మన్ కారు ధర దాదాపు సగానికి పడిపోతుంది. దాని బ్రేకు ప్యాడ్ల ధర మాత్రం పడిపోదు. ఆ సంగతి తెలియబట్టే కూకట్‌పల్లికి చెందిన ఆ దంతవైద్యుడు తెల్ల సెడాన్‌ను బేరమాడేటప్పుడు ఇంజిన్ గురించి కంటే సర్వీసు ప్యాకేజీ గురించే ఎక్కువ ఆరా తీశారు. "ఇంకా రెండేళ్లుంది డాక్టర్‌గారూ. బ్రేకులతో సహా అంతా కంపెనీదే" అని సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి భరోసా ఇచ్చాడు. ఆ మాటకు లక్ష రూపాయల విలువ కట్టి, డాక్టర్ ఆ మేరకు బేరం వదులుకున్నారు.

అయిదు నెలలకు డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలిగింది. ముందు బ్రేకు ప్యాడ్లు, డిస్కులు మార్చాలి. అధీకృత సర్వీసు సెంటర్లో అడ్వైజర్ కంప్యూటర్ వంక చూసి, "సార్, మీ బండికి బేసిక్ ప్యాకేజీయే ఉంది. ఆయిల్, ఫిల్టర్ల వరకే. బ్రేకులు మీ ఖాతాలోనే" అని తేల్చేశాడు. ఎస్టిమేట్ 86,400 రూపాయలు. ఆ సాయంత్రం ఇంట్లో, ఆ ముందు వారమే కొత్త చిన్న కారు కొన్న బావమరిది ప్రస్తావన వచ్చింది. ఎవరు తెచ్చారో చెప్పనక్కర్లేదు.

అరిగిన బ్రేకులతో కారు నడపలేరు కాబట్టి ఆయన డబ్బు కట్టారు. అయితే ఊరికే కట్టలేదు. 'ఇది ప్యాకేజీ కింద రావాలి, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని జాబ్ కార్డుపై రాసి సంతకం చేశారు. ఆ ఒక్క వాక్యం తర్వాత చాలా పనికొచ్చింది.

నిజానికి ఈ తగవులు ఎక్కువగా ఒకే చోట మొదలవుతాయి. పాత కారుతోపాటు వచ్చే ఫైలులో మూడు రకాల కాగితాలుంటాయి, మూడూ మూడు తీరుల్లో నడుస్తాయి. ముందే డబ్బు కట్టిన సర్వీసు ప్యాకేజీ సాధారణంగా యజమాని పేరుకు కాక 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరుకు ముడిపడి ఉంటుంది. దాని గడువు సాధారణంగా కారు మొదటిసారి అమ్ముడైన నాటి నుంచే లెక్క, రెండో యజమాని కొన్న రోజు నుంచి కాదు. ఏళ్లు, కిలోమీటర్లలో ఏది ముందు పూర్తయితే అక్కడితో సరి. పొడిగించిన వారంటీ అలా కాదు, చాలా కంపెనీలు రాతపూర్వకంగా పేరు మార్పించుకోమంటాయి. ఇక బీమాలో థర్డ్ పార్టీ భాగం చట్టరీత్యా కొత్త యజమానికి దానంతటదే వస్తుంది. సొంత కారుకు జరిగే నష్టానికి కవరేజీ మాత్రం రాదు, 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసి మార్పించుకోవాలి. అమ్మేవాడు ఈ మూడింటినీ కలిపి 'అంతా ఉంది సార్' అనేస్తాడు. కొనేవాడు తలూపుతాడు.

డాక్టర్ వెతికింది ఒక్క కాగితం కోసం. మొదటి యజమాని బెంగళూరులోని ఓ చిన్న కంపెనీ. పాత ఆర్‌సీ నకలుపై ఉన్న చిరునామా పట్టుకుని ఫోన్ చేస్తే అక్కడి అకౌంటెంట్ రెండు రోజుల్లో పన్ను ఇన్వాయిస్ పంపాడు. అందులో ఇదే ఛాసిస్ నంబరు, బ్రేకులతో కూడిన పెద్ద ప్యాకేజీ, అయిదేళ్లు లేదా 60,000 కిలోమీటర్లు, పూర్తి సొమ్ము చెల్లింపు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అంటే బెంగళూరు డీలర్ పెద్ద ప్యాకేజీకి డబ్బు తీసుకుని కంప్యూటర్లో చిన్నది ఎక్కించాడన్నమాట.

ఇంత రుజువు దొరికాక కథ ముగియాలి. కానీ అప్పుడే మొదలైంది. హైదరాబాద్ సర్వీసు సెంటరు బెంగళూరును అడగమంది. బెంగళూరు డీలర్, మీరు మా కస్టమరే కాదన్నాడు. తయారీ సంస్థ కాల్ సెంటర్, ఇది డీలర్ వ్యవహారమంది. కొన్నాళ్లకు ఇంకో వాదన కూడా వచ్చింది: ప్యాకేజీ కొన్నది ఓ కంపెనీ, అది వాణిజ్య వ్యవహారం, వినియోగదారు చట్టం వర్తించదని.

రెండు వాదనలూ బలహీనమైనవే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు డబ్బు కట్టినవారే కాదు, వారి సమ్మతితో దాన్ని పొందేవారు కూడా వినియోగదారులే. ఇక కంపెనీ పేరు మీద కొన్నంత మాత్రాన అది వాణిజ్య ప్రయోజనం కాబోదని, డైరెక్టర్ సొంత వాడకానికి కొన్న ఓ ఖరీదైన కారు కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

డాక్టర్ ముగ్గురికీ కలిపి ఒకే లేఖ రాశారు. కోపం లేదు, విశేషణాలు లేవు. తేదీలు, ఇన్వాయిస్, జాబ్ కార్డు, రెండు కోరికలు: రికార్డు సరిదిద్దండి, 86,400 వాపసివ్వండి. గడువు 15 రోజులు. మొదటి చిత్తులో వీల్ అలైన్‌మెంట్ ఖర్చు కూడా కలిపారు. నిబంధనలు మళ్లీ చదివితే అది ఏ ప్యాకేజీలోనూ లేదు, కొట్టేశారు. రాని దాన్ని అడిగితే రావలసిన దాని మీదా అనుమానం పుడుతుంది. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశారు.

జిల్లా కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే దారి అంత కష్టమేమీ కాదు. ఫిర్యాదుదారు తానుండే ఊళ్లోనే వేయవచ్చు, చెల్లించిన మొత్తం అయిదు లక్షలు దాటకపోతే రుసుము లేదు, వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. 2025 జనవరిలో వచ్చిన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అయితే తీర్పు ఎప్పుడొస్తుందన్నది వేరే ప్రశ్న. అందుకే ఆయన ఫిర్యాదు ముసాయిదా సిద్ధం చేసుకుని, దాఖలు చేయకుండా లేఖకు జతచేశారు.

పన్నెండో రోజు తయారీ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. గుడ్‌విల్ కింద సగం సొమ్ము, అదీ తర్వాతి సర్వీసులో మినహాయిస్తామన్నారు. గుడ్‌విల్ అంటే దయ. బాకీ తీర్చేందుకు దయ ఎందుకని డాక్టర్ అడిగారు. మరో తొమ్మిది రోజులకు పూర్తి సొమ్ము పన్నుతో సహా బ్యాంకు ఖాతాలో పడింది. రికార్డు సరిదిద్దామని మెయిల్ వచ్చింది. ఆయన అంతటితో నమ్మలేదు. సర్వీసు సెంటరుకు వెళ్లి, కంప్యూటర్లోని ప్యాకేజీ వివరాలను ప్రింటు తీయించి, ముద్ర వేయించుకుని వచ్చారు.

కొన్ని నెలల తర్వాత వెనక బ్రేకు ప్యాడ్లు మార్చారు. బిల్లు సున్నా. అలైన్‌మెంట్‌కు విడిగా 2,400 వేశారు. అది మాత్రం ఆయన మారుమాట్లాడకుండా కట్టారు.