మంచినీళ్ల నల్లా

మా ఎల్లారెడ్డి వైపు దుబాయి అంటే ఒక్క ఊరు కాదు. మస్కట్‌లో ఉన్నా, కువైట్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా "దుబాయిల ఉన్నడు" అనే అంటారు. తాడుతో బిగించి, మార్కరుతో పేరు రాసిన కార్టన్ డబ్బా ఒకటి జీపు మీద నుంచి దిగితే వీధిలోకి దుబాయి వచ్చినట్టే. అందులోని టైగర్ బామ్, పాలపొడి, సబ్బులు కలిసిన వాసనే నాకు ముప్పై ఏళ్లుగా దుబాయి. అది సముద్రం ఒడ్డున ఉన్న నగరమని బడిలో పటం మీద కట్టె పెట్టి పిల్లలకు చూపించాను గానీ, నేను మాత్రం నమ్మినట్టు లేదు.

జనవరిలో విజిట్ వీసా మీద పది రోజులు వెళ్లొచ్చాను. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. తలెత్తి చూస్తే మెడ పట్టేసింది. అంతకు మించి దాని గురించి నాకు చెప్పడానికేం లేదు. నచ్చింది క్రీక్ మీద అబ్రా. బర్ దుబాయి నుంచి దేరాకు చెక్కపడవలో దాటడానికి ఒక్క దిర్హమ్. 1966 దాకా ఆ రేవులో చెల్లింది గల్ఫ్ రూపాయి, మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా విడుదల చేసిందే. ఇప్పుడు అదే పడవలో మనవాళ్లు కూర్చుని, ఇవాళ దిర్హమ్ ఎన్ని రూపాయలయిందని ఫోన్లో చూసుకుంటున్నారు.

బీచికి నన్ను మా వీధి పిల్లవాడు తీసుకెళ్లాడు. పిల్లవాడంటే నలభై దాటాయి; నా దగ్గర ఏడో తరగతి చదివాడు. పద్నాలుగేళ్లుగా అక్కడి సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటున్నాడు. నిజానికి నేనే అతన్ని తీసుకెళ్లాననాలి. జుమేరా ఇసుకలో అడుగుపెట్టడం అతనికది రెండోసారట.

"సెలవునాడు బట్టలు ఉతుకుడు, కూర వండుడు, ఇంటికి బోటిమ్‌ల మాట్లాడుడు. గింతలనే పొద్దుగూకుతది సార్," అన్నాడు. అక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు, అందుకని బోటిమ్.

మన ప్రాంతానికి సముద్రం లేదు. ఉన్నదల్లా మంజీర మీద 1931 నాటికి కట్టిన నిజాంసాగర్. గేట్లెత్తారని తెలిస్తే సద్ది కట్టుకుని చూడ్డానికి పోతాం. నల్లగొండ పక్కన పానగల్లు చెరువుకు ఏకంగా ఉదయసముద్రమని పేరు. ఇన్ని నీళ్లు ఒక్కచోట కనబడితే చాలు, సముద్రం అనేస్తాం. అలాంటి నేను అసలు సముద్రం ముందు నోరు తెరుచుకుని నిలబడితే, మావాడు దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

అతను చూస్తున్నది ఒడ్డున కాళ్లు కడుక్కునే నల్లాను. ఒకామె పిల్లవాణ్ణి కింద నిలబెట్టి పాదాలకంటిన ఇసుక కడిగి వెళ్లిపోయింది. బొత్తాం నొక్కితే కాసేపు ధార పడి దానంతటదే ఆగిపోయే నల్లా అది. మావాడు వెళ్లి నొక్కాడు, దోసిలి పట్టి రుచి చూశాడు.

"మంచినీళ్లే సార్. గీ సముద్రం నీళ్లల్లకెల్లే ఉప్పు తీస్తరు. పైపుల కోసం మేమే కాలువలు తవ్వినం."

దుబాయికి నది లేదు. తాగే నీరు దాదాపు అంతా సముద్రం నుంచి ఇలా ఉప్పు విరిచి తెచ్చుకున్నదే. పటం మీద కట్టె పెట్టి చెప్పినప్పుడు ఈ సంగతి చెప్పాలని నాకు తట్టలేదు. ఇప్పుడు నా విద్యార్థి నాకు చెప్పాడు.

మళ్లీ బొత్తాం నొక్కాడు. ఆగిపోయేదాకా చూసి, ఇంకోసారి నొక్కాడు.

"మూడు బోర్లు ఏసినం సార్. మూడోది నాలుగు వందల ఫీట్లు పోయింది. దుమ్మే లేసింది. గా అప్పుకే ఈడికొచ్చిన."

ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, దుకాణంలో చిట్టా చదివి వినిపిస్తున్నట్టు చెప్పాడు. అప్పు తీరిందా అని నేను అడగలేదు. బడిలో వాణ్ణి చాలా ప్రశ్నలే అడిగాను.

మీరు వెళ్తే నవంబరు, మార్చిల మధ్య వెళ్లండి. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట కూలీలతో పని చేయించకూడదని అక్కడ నిబంధనే ఉంది. ఆ ఎండ మీకెందుకు? మనూరి వాళ్లెవరైనా ఉంటే వాళ్ల సెలవు ఎప్పుడో కనుక్కుని బీచికి తీసుకెళ్లండి. బస్సు చార్జీలు మాత్రం మీరే పెట్టుకోండి.