బిడ్డకు తినిపించడం, బిడ్డచేత తినిపించడం

నేను జీవితమంతా ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ విభక్తులూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అటువంటివానికి ఏడాది పసిబిడ్డ తినే అన్నం ముద్దతో ఏమి పని అని మీకు తోచవచ్చు. తాత అయినవానికి అది ఎంత పనో మనుమలున్న మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. గడచిన ధనుర్మాసం మొదలుకొని రెండు నెలలపాటు తిరుపతిలోని మా ఇంట జరిగిన చర్చలన్నింటి సారం ఒక విభక్తి ప్రత్యయంలో ఇమిడి ఉన్నదని నాకు అనిపించింది. ఆ మాట మీతో చెప్పుకోవాలనే ఈ టపా.

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నది. ఇంటినుండి పని చేసుకొనేందుకు కార్యాలయంవారు రెండు నెలలు అనుమతి ఇవ్వగా, పదమూడు నెలల కూతురిని చంకనెత్తుకొని మా వద్దకు వచ్చింది. గడువు తీరగానే తాను కార్యాలయానికి, బిడ్డ శిశుసంరక్షణ కేంద్రానికి వెళ్ళవలసి ఉన్నది. అక్కడివారు ముందే చెప్పారట: మిగిలిన పిల్లలు తిన్నదే ఈ బిడ్డా తినాలి, ఒక్కరికోసం విడిగా మిక్సీ వేయడం కుదరదని. మా మనుమరాలో, మిక్సీలో వెన్నలా నలిగినదాన్ని తప్ప మరి దేనినీ నోట నిలుపుకొనేది కాదు. గుజ్జులో ఒక్క మెతుకు తగిలినా చాలు, నాలుకతో బయటికి తోసి, కళ్ళనీళ్ళ పర్యంతం ఓకరించేది.

వచ్చిన రాత్రి అమ్మాయి అన్నది: "ఏం పెట్టినా ఉమ్మేస్తా ఉంది నాయనా. నా చేతిలోనే ఏదో లోపం ఉందేమో."

ఉద్యోగంలో పదిమందిని నడిపించే బిడ్డ, గిన్నెడు అన్నం ముందు అంత దీనంగా మాట్లాడడం నాకు కష్టం కలిగించింది. మరునాడు ఊళ్ళోని పిల్లల వైద్యునికి చూపించాము. బరువూ పొడవూ వయసుకు తగినట్లే ఉన్నాయనీ, గొంతులో దోషమేమీ లేదనీ, బిడ్డకు కావలసింది మందు కాదు అభ్యాసమనీ చెప్పి పంపించారు.

అభ్యాసం అన్నమాట ఆలోచించదగినది. చప్పరించడం బిడ్డకు పుట్టుకతో వస్తుంది. నమలడం అట్లా కాదు, నేర్చుకోవాలి. ముద్దను నాలుకతో పక్కకు నెట్టడం, చిగుళ్ళతో నలపడం, నలిగినదాన్ని వెనుకకు చేర్చి మింగడం, ఇదంతా ఒక విద్య. విద్య అన్నాక దానికొక ఈడు ఉంటుంది. ఇంగ్లండులోని ఏవన్ ప్రాంతంలో 1991, 92 సంవత్సరాలలో పుట్టిన వేలాది పిల్లలను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. పలుకున్న ఆహారం తొమ్మిదో పదో నెల దాటిన తరువాత మొదలుపెట్టిన పిల్లలలో, ముందుగా మొదలుపెట్టినవారికంటె తిండి పేచీలు ఎక్కువగా కనిపించాయట. ఏడేళ్ళు వచ్చాక చూసినా కూరలూ పండ్లూ తక్కువగానే తింటున్నారట. ఎనిమిదో నెలకు చేత పట్టుకొని తినే ముక్కలు, ఏడాది నిండేసరికి ఇంటివారు తినే వంటకాలు అలవాటు కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పిన మాట కూడ దీనికి అనుగుణమైనదే. అయితే ఈడు దాటితే తలుపు మూసుకుపోతుందని దీని అర్థం కాదు. మెట్లు కొంచెం ఎక్కువ ఎక్కవలసి వస్తుంది, అంతే.

మెట్లు అన్నాను. పరాయి ఊళ్ళో, పెద్దదిక్కు లేని కాపురంలో, ఎక్కడ గొంతుకు అడ్డుపడుతుందోనన్న భయంతో తల్లి మిక్సీని ఆశ్రయించడం సహజం. గుజ్జంటే మాకేమీ చిన్నచూపు లేదు. మా చిత్తూరు సీమ తోతాపురి మామిడి గుజ్జై, డబ్బాలకెక్కి దేశదేశాలకు పోతున్నది కదా! చిక్కల్లా ఎక్కడంటే, మిక్సీకి ఒకే మెట్టు తెలుసు. అందులో వేసినది ఏదైనా ఒకే తీరుగా బయటికి వస్తుంది. మన వంటింటి మాటలు చూడండి: పాలు, జావ, గుజ్జు, ముద్ద, పలుకు. ఒక్కొక్క మాట నోటికి ఒక్కొక్క పాఠం.

ఇక్కడ మా ఇంటావిడ తన పాండిత్యం చూపింది. "బిడ్డకు ఆరు పండ్లు వచ్చినాయి. వాటికి పని పెట్టల్ల గదా!" అని మిక్సీని అటక ఎక్కించి, పప్పుగుత్తి దించింది. ఆమె ఎన్నుకొన్న ధాన్యం రాగులు. ఈ ప్రాంతంలో అంతకంటె తగినది వేరొకటి లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్లు చూపారు. తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదు. అంతకుమించి నన్ను ఆకర్షించింది మరొకటి. పాలనుండి రొట్టె దాకా మెట్లన్నీ ఈ ఒక్క ధాన్యంలోనే ఉన్నాయి. నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి కాచితే రాగిపాలు. పిండి కలిపి కాస్తే జావ. నీళ్ళు తగ్గిస్తే చెంచా నిలిచే చిక్కని జావ. ఉడికిన నూకలలో పిండి పోసి, మూతపెట్టి మగ్గించి, తెడ్డుతో ఉండలు లేకుండా గెలికితే సంగటి. అదే పిండిని తట్టి కాలిస్తే రొట్టె.

రుచి మారకుండా స్పర్శ మాత్రమే మారడం వల్ల బిడ్డకు భయం తగ్గింది. మొదటి నాలుగు రోజులు ఎప్పటి జావే. తరువాత ఒక్కొక్క చెంచా నీళ్ళు తగ్గించుకొంటూ పోయింది. రెండో వారానికి బాగా ఎనిపిన సంగటిని పప్పుకట్టుతో కలిపి గోరంత, అంటే నిజంగా గోరంతే, నాలుక మీద ఉంచింది. మొదటిరోజు ఉమ్మింది. మర్నాడూ ఉమ్మింది. ఆరోరోజున నోట్లో ఉంచుకొని, ఇదేమిటన్నట్లు అవ్వ ముఖం చూసి, మింగింది. కొత్త వస్తువును పదిసార్లకు పైగా చూపితేగాని కొందరు పిల్లలు ఒప్పుకోరని వైద్యులు అంటారు. ఒకటి రెండుసార్లు ఉమ్మగానే "దీనికిది గిట్టదు" అని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఓకరింతను గురించి ఒక మాట. తెలుగులో ఓకరింత, పొలమారడం, ఊపిరాడకపోవడం అని మూడు వేర్వేరు మాటలున్నాయి. ఓకరింత రక్షణ. ముద్ద ఇంకా నలగలేదని నాలుక వెనుకభాగం దానిని ముందుకు పంపించే ప్రయత్నం. బిడ్డ చప్పుడు చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, తానే సర్దుకొంటుంది. పొలమారితే దగ్గు వస్తుంది, ఎవరో తలచుకొంటున్నారని మనం మాడు మీద తడుతాము. ఊపిరాడకపోవడం మాత్రం నిశ్శబ్దం. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదవులు నీలమవుతాయి. భయపడవలసింది ఆ నిశ్శబ్దానికి. అటువంటప్పుడు వీపు మీద ఎట్లా చరచాలో వైద్యుని వద్ద అమ్మాయీ మేమూ ముందుగానే చూసి నేర్చుకొన్నాము. 108కి ఫోను చేయడం ఎలాగూ అందరికీ తెలిసినదే. వేరుశనగ పండే సీమ మాది. అయినా గింజలుగా వేరుశనక్కాయలు, పుట్నాలు, శనగలు, కోయని ద్రాక్షపండ్లు బిడ్డ అందుబాటులో లేకుండా చూసుకొన్నాము. వేరుశనగను మెత్తని పొడిగా కొట్టి జావలో కలిపితే ఆ ప్రమాదం లేదు.

ఇక విభక్తి సంగతి. తిను ధాతువుకు ప్రేరణార్థకం తినిపించు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదువుకొన్నవారికి ప్రేరణం కొత్త కాదు. గురువు శిష్యునిచేత చదివించాడు అంటాము. చదివించినవాడు గురువే అయినా, చదివినవాడు శిష్యుడు. ఆ కర్తృత్వాన్ని నిలబెట్టేది తృతీయా విభక్తి ప్రత్యయమైన చేత. మరి అన్నం విషయానికి వచ్చేసరికి బిడ్డకు తినిపించాను అంటాము. ఆ కు ప్రత్యయంతో బిడ్డ పుచ్చుకొనేది మాత్రమే అవుతుంది. బిడ్డచేత తినిపించాను అని చూడండి, బిడ్డ వెంటనే కర్త అయి కూర్చుంటుంది. ఈ చేత అనే ప్రత్యయం చేయి అనే మాటనుండే వచ్చినదని భాషావేత్తలు చెబుతారు. బిడ్డచేత అంటే బిడ్డ చేతితో!

మా ఇంట జరిగినది అదే. సంక్రాంతి ముందు అనపకాయల కాలం కదా, ఆ మధ్యాహ్నం పితికిపప్పు పులుసు, సంగటి వండారు. అందరమూ చాపల మీద కూర్చున్నాము. బిడ్డకు వేరే వేళ, వేరే గిన్నె ఉండేవి. ఆనాడు నా పక్కనే పీట మీద కూర్చోబెట్టి, దాని ముందర కూడ చిన్న పళ్ళెం పెట్టాము. ఎవరూ చెంచా ఎత్తలేదు. కొంతసేపు అందరి నోళ్ళూ చూసింది. తరువాత తన పళ్ళెం వదిలి నా కంచంలో చేయి పెట్టి, సంగటి పిడికిట పట్టుకొని, సగం బుగ్గకు పూసి, సగం నోట పెట్టుకొన్నది. అందులో మెదిగీ మెదగని అనపబద్ద ఒకటి ఉన్నది. అమ్మాయి లేవబోగా వాళ్ళమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. బిడ్డ ఒకసారి ఓకరించి, ఆగి, దవడ ఆడించి, మింగి, మళ్ళీ చేయి చాచింది. మా అమ్మాయి ముఖం తిప్పుకొన్నది. ఎందుకో నేను అడగలేదు.

అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు ఉండేది. అప్పుడే పాలు మానిన పదిహేనుమంది శిశువుల ముందు తాజా ఆహారాలు పళ్ళేలలో ఉంచి, ఎవరి బలవంతమూ లేకుండా తమంతట తామే తిననిచ్చి, ఆ ఫలితాలను 1939లో ప్రకటించింది. ఒకపూట ఒకటే తిన్నా, మరొకపూట ముట్టకపోయినా, మొత్తంమీద పిల్లలంతా చక్కగా పెరిగారట. అసలు రహస్యం పళ్ళేలలో ఉంచిన ఆహారాల జాబితాలోనే ఉన్నదని ఆమె స్వయంగా చెప్పింది. అక్కడ మిఠాయిలు లేవు మరి. ఏమి పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి, ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోవాలి.

ఈ "ఎంత" దగ్గరే తల్లులు కుములుతుంటారు. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది సుమారు రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి తగ్గడం ప్రకృతి లెక్క. దానికితోడు సీసాతో పాలు పదేపదే పోస్తే అన్నానికి చోటుండదు, పాలలో ఇనుము కూడ అత్యల్పం. వైద్యుని సలహాపై పాలను రోజుకు అరలీటరుకు లోపలికి తెచ్చాము. ఆకలి తనంతట తానే మా పక్షం చేరింది.

చివరిగా చందమామ. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) బాలవేంకటేశ్వరునికోసం చందమామను పిలిచిన కొండ మా ఇంటి ఉత్తరాన ఉన్నది. రాత్రిపూట మిద్దెమీద బిడ్డకు ముద్ద పెడుతూ చంద్రుణ్ణి చూపుతుంటే, అమ్మాయి నవ్వి, "సెల్‌ఫోను చూపిస్తే తప్పు, చందమామను చూపిస్తే ఒప్పా నాయనా?" అన్నది. మంచి ప్రశ్న. ఫోను చూసే బిడ్డ నోటికి ఏమి వచ్చిందో ఎరుగదు, పెట్టే మనిషినీ ఎరుగదు. చందమామను ఇద్దరమూ కలిసి చూస్తాము. వేలు చూపుతాము, పిలుస్తాము, ఆయన రాడు, మేమిద్దరం మళ్ళీ ఒకరి ముఖం ఒకరం చూసుకొంటాము. ముద్ద ఆ చూపుల నడుమ లోపలికి పోతుంది. నా సమాధానం అమ్మాయికి పూర్తిగా నచ్చినదో లేదో తెలియదు. ఫోను మాత్రం కింద గదిలోనే ఉండిపోయింది.

రెండు నెలలు గడిచేసరికి మా మనుమరాలు సంగటి, మెత్తని పప్పన్నం, ఇడ్లీ ముక్కలు, ఉడికించిన గెనుసుగడ్డ, పెరుగన్నం తన చేతనే తింటున్నది. వంకాయ ఇప్పటికీ ఉమ్ముతుంది. కోడిగుడ్డును చూస్తే నోరు బిగిస్తుంది. పదిమందిలో ఒకటిగా కూర్చొని తినడానికి ఇంతమాత్రం చాలునని పంపించాము. వెళ్ళేటప్పుడు మా ఇంటావిడ రాగిపిండి డబ్బాతోపాటు పప్పుగుత్తిని కూడ సంచిలో సర్దింది. మొన్న అమ్మాయి ఫోనులో చెప్పింది: కేంద్రంలో పక్క బిడ్డ పళ్ళెంలోనుండి కూడ తీసుకొని తింటున్నదని ఫిర్యాదు వచ్చిందట.

వ్యాకరణం పుస్తకాల్లోనే ఉంటుందని పిల్లలు అనుకొంటారు. ఒక ప్రత్యయం మార్చి చూస్తే ఇంట్లో కంచం చోటు మారుతుంది. మీ ఇళ్ళలో పేచీపెట్టే బిడ్డలుంటే, వారిని మీ పంక్తిలో కూర్చోబెట్టి, మీరు ముందు తినడం మొదలుపెట్టండి. చాపలు ఎలాగూ ఉతుక్కోవచ్చు.