కాడి లేచిన బండి

కిందటి వారం టెక్సాస్ నుండి ఒక చిన్ననాటి మిత్రుడు ఫోను చేశాడు. తానొక ఫిఫ్త్ వీల్ ట్రెయిలరు కొనబోతున్నాననీ, ఇంట్లో ఉన్న హాఫ్ టన్ పికప్ ట్రక్కుతోనే దాన్ని లాగిస్తాననీ ఎంతో సంబరంగా చెప్పాడు. "ప్రకటనలో మా ట్రక్కు పదకొండు వేల పౌన్లు లాగుతుందని ఉంది. ఈ ట్రెయిలరు నిండా సర్దినా తొమ్మిదిన్నర వేలే. నీ ఫొటోలు చూసిన దగ్గరనుంచీ మా ఆవిడకు ఇదే ధ్యాస," అన్నాడు.

ఆ చివరి మాట దగ్గర నా నోట మాట రాలేదు. ఆ ఫొటోలు 2016 వేసవిలోవి. ట్రెయిలరు గుమ్మంలో మడతకుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్న నాన్న, వైట్ శాండ్స్ తెల్లని ఇసుకతిన్నెల మీద జారుతున్న మా అమ్మాయి. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ ప్రయాణంలో జరిగిన ఒక సంగతి మాత్రం నేనెవరికీ చెప్పలేదు. సిగ్గుచేత చెప్పలేదు. ఈ టపా ఆ సిగ్గు విడిచి వ్రాస్తున్నది.

ఈ దేశపు బండ్ల గొడవ తెలియని చదువరుల కోసం రెండు ముక్కలు. ట్రావెల్ ట్రెయిలరంటే చక్రాల మీది ఇల్లు: మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉంటాయి, ఇంజను ఒక్కటే ఉండదు. దాని ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప నొగను ట్రక్కు వెనక బంపరు కింద ఉన్న బంతికి తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్ మాత్రం అలా కాదు. దాని మెడ ట్రక్కు తొట్టి మీదికి వంగి, వెనక ఇరుసుకు సరిగ్గా పైన కూర్చుంటుంది. అయిదో చక్రం అనగానే మనకు స్టెప్నీ గుర్తొస్తుంది గానీ, ఆ పేరు గుర్రపుబగ్గీల కాలం నాటిది. ముందు ఇరుసు తిరగడానికి వీలుగా దానిపైన అడ్డంగా అమర్చిన చక్రాన్ని అలా పిలిచేవారు. ఇక హాఫ్ టన్ అన్న మాట కూడా పాత కాలపుదే. ఒకప్పుడు ఆ ట్రక్కులు మోసే బరువు అర టన్ను, అంటే వెయ్యి పౌన్లు. ఇప్పుడవి అంతకన్నా ఎక్కువే మోస్తాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మోయడం వేరు, లాగడం వేరు. ఈ తేడా నాకు తెలుసుననే అనుకునేవాణ్ణి.

ప్రకటనలోని లాగుడు అంకె అబద్ధమేమీ కాదు. దానికి జే 2807 అనే ప్రమాణం ఉంది. దాన్ని మొట్టమొదట 2011 మోడల్ ట్రక్కులకు పాటించింది టొయోటా. తక్కినవాళ్ళు నెమ్మదిగా ఆ దారికి వచ్చారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి పదకొండు మైళ్ళ పైచిలుకు ఎత్తుదారిలో, ఏసీ నిండా వేసుకుని, వేగం నలభై మైళ్ళకు తగ్గకుండా లాగాలి. అంతా బాగానే ఉంది. కానీ ఆ లెక్కలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే, అదీ ఒక్కొక్కరు నూట యాభై పౌన్ల చొప్పున! అమ్మానాన్నలు, పిల్ల, బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కరు, ఊరగాయ జాడీలు ఆ పరీక్షలో ఉండవు.

మన సంసారాలకు పనికొచ్చే అంకె డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద అంటించిన చిన్న స్టిక్కరు మీద ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌన్లు దాటరాదని దాని మీద ఉంటుంది. మా ట్రక్కుకు అది 1,480. అయిదుగురం కలిపి 690 పౌన్లు. హిచ్ 80. వెనక తొట్టిలో కూలరూ కుర్చీలూ వగైరా 120. ఇక మిగిలింది 590. ట్రెయిలరు సామానుతో 6,600 పౌన్లు. నొగ మీద పడే బరువు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం దాకా ఉండాలని నియమం. పది శాతమే అనుకున్నా 660. అంటే 590లో 660 పట్టాలి!

ట్రెయిలరు అమ్మినాయన కాగితం మీద నొగ బరువు 560 అనే ఉంది. అది ఖాళీ ట్రెయిలరుది. నొగ మీదనే కూర్చునే బ్యాటరీ, గ్యాసు సిలిండర్లు కూడా అందులో కలవలేదు. ఇది నేను ఇంటి దగ్గరే కనిపెట్టాను. కనిపెట్టి, ఇంజనీరును కనుక, ఒక ఉపాయం ఆలోచించాను. బరువంతా వెనక్కి సర్దితే నొగ తేలికవుతుంది కదా! బియ్యం, నీళ్ళ డబ్బాలు, పనిముట్ల పెట్టె వెనక మంచం కిందికి తోశాను. రెండు సైకిళ్ళను ట్రెయిలరు వెనక బంపరుకు వేలాడదీశాను. ఇరుసుల వెనక ఉన్న నీళ్ళ ట్యాంకును, నలభై గ్యాలన్లు, అంచుదాకా నింపాను. ట్రక్కు వెనక భాగం కొంచెం పైకి లేచింది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

డెన్వరు నుండి ఐ-25 మీద దక్షిణంగా వెళ్తే కొలరాడో, న్యూమెక్సికోల సరిహద్దులో రాటన్ కనుమ వస్తుంది. ఎత్తు దాదాపు 7,800 అడుగులు. ఎక్కడం సుఖంగానే ఎక్కాము. దిగుతున్నప్పుడు అరవై మూడు మైళ్ళ వేగంలో ఉన్నాను. ఒక పెద్ద లారీ ఎడమవైపు నుండి దాటిపోయింది. దాని గాలి మొదట ట్రెయిలరును పక్కకు నెట్టి, తరువాత లోపలికి లాక్కుంది. అద్దంలో ట్రెయిలరు వెనక మూల ఒకసారి ఇటు కనిపించింది, ఒకసారి అటు కనిపించింది. మూడోసారికి స్టీరింగు నా చేతిలో ఉన్నట్టు లేదు; వెనకనుండి ఎవరో ట్రక్కును తోకపట్టి ఊపుతున్నట్టుంది. కుడిచేతి వైపు ఉన్నది లోయ.

అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఊపు ఇంకా పెరిగింది. అప్పుడెందుకో చదివినది జ్ఞాపకం వచ్చింది: ఊగుతున్నప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగుతో దిద్దబోకూడదు, యాక్సిలరేటరు మీద కాలు తీసి, ట్రెయిలరు బ్రేకును మాత్రమే చేత్తో వేయాలి. స్టీరింగు కింద బ్రేక్ కంట్రోలరు మీట ఉంది. దాన్ని వేళ్ళతో పక్కకు నొక్కాను. ట్రెయిలరు చక్రాలు మాత్రమే పట్టుకున్నాయి. వెనకనుండి ఎవరో పగ్గం బిగించినట్టు ఒక్క గుంజు గుంజి, బండి తిన్నగా వచ్చింది. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో.

రోడ్డు పక్కకు తీసి ఆపాక ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి ఏడవడం మొదలుపెట్టలేదు గానీ నీళ్ళ సీసా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నా భార్య నావైపు చూడలేదు. అమ్మ గొణుగుతున్న ఆంజనేయ దండకం ఆపి అన్నది: "కాడి లేచింది గదరా నాయనా."

అమ్మ గుంటూరు దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. వాళ్ళ నాన్న మిరప టిక్కీలు బండికెత్తి గుంటూరు తోలేవాడు. బస్తాలు ఇరుసుకు వెనక పడితే నొగలు పైకి లేచి, కాడి ఎద్దుల మెడ మీదనుంచి లేస్తుందట, మెడకు కట్టిన పలుపు గొంతుకు బిగుసుకుంటుందట. మరీ ముందుకు సర్దితే మెడలు కాయలు కాస్తాయి. అందుకని ఆఖరి బస్తా వేసేముందు తాత నొగ కింద భుజం పెట్టి ఎత్తి చూసుకునేవాడట. నాకు అవసరమైన కొలత అదే. దాన్ని తప్పించుకోవడానికే నేను ఇంత గణితం చేశాను!

ఎద్దుబండికీ ట్రెయిలరుకీ తేడా లేకపోలేదు. నెమ్మదిగా నడిచే బండిలో వెనక బరువు ఎద్దును మాత్రమే బాధిస్తుంది. వేగంగా పోయే బండిలో వ్యవహారం వేరు. గురుత్వకేంద్రం ఇరుసులకు తగినంత ముందున్నంతసేపు ఏ కుదుపు వచ్చినా దానంతటదే సద్దుమణుగుతుంది. వెనక్కి జరిగినకొద్దీ సద్దుమణగడం ఆలస్యమై, ఒక వేగం దాటాక ప్రతి ఊపూ కిందటి ఊపుకన్నా పెద్దదవుతుంది. ఆ వేగం ఎంతో ముందుగా మనకు కనిపించదు. ఊపును అణిచే హిచ్ నాకూ ఉంది. అది చిన్న కుదుపులకు మందు. తప్పుడు సర్దుబాటుకు కాదు.

నలభై మైళ్ళ వేగంతో దిగి, రాటన్ ఊళ్ళో ఒక ఆర్వీ పార్కులో ట్రెయిలరు వదిలేసి, ట్రక్కులోనే వైట్ శాండ్స్ వెళ్ళి మోటెల్లో దిగాము. గుమ్మంలో కాఫీ ఫొటో రాటన్‌లోదే.

తిరుగు ప్రయాణానికి ముందు లారీలు ఆగేచోట క్యాట్ స్కేల్ మీద తూకం వేయించాను. మన కాటాకు ఆ పేరు చుట్టమేమో అనిపించింది! స్ప్రింగు కడ్డీలు విప్పి ట్రెయిలరుతో ఒకసారి, ట్రక్కు ఒంటరిగా మరొకసారి, అందరం లోపల కూర్చునే. ఏమీ కదపకుండా మొదట తూచినప్పుడు నొగ బరువు 460 తేలింది. ఏడు శాతం! ట్రక్కు మొత్తం బరువు పరిమితికి 130 పౌన్లు తక్కువే. అంటే స్టిక్కరు ప్రకారం నేను నిర్దోషిని. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఏ ఒక్క అంకెనూ దాటకుండానే ఆరోజు అయిదుగురిని లోయ అంచుకు తీసుకుపోయాను.

నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాను. సైకిళ్ళు, బియ్యం ముందుకు చేర్చాను. ట్రక్కు తొట్టిలోని సామాను ట్రెయిలరులో ఇరుసుల మీద పెట్టాను. మళ్ళీ తూచితే పదకొండు శాతం, ట్రక్కు పరిమితికి 25 పౌన్ల లోపల. యాభై అయిదు దాటకుండా ఇల్లు చేరాము. మరుసటి ఏడు దాన్ని అమ్మి, నాలుగున్నర వేల పౌన్లది చిన్నది కొన్నాను. అందులో అయిదుగురం పడుకోవడం కొంచెం ఇరుకే.

ఇదంతా మిత్రుడికి చెప్పాను. అతడు వెంటనే, "ఫిఫ్త్ వీల్ ఊగదు కదా," అన్నాడు. నిజమే, మెడ ఇరుసు మీద కూర్చుంటుంది కనుక ట్రావెల్ ట్రెయిలరులా తోక ఝాడించదు. కానీ ఆ మెడ మోపే బరువు మొత్తంలో ఇంచుమించు అయిదో వంతు. తొమ్మిదిన్నర వేలకు 1,900 పౌన్లు. తొట్టిలో బిగించే హిచ్ వేరే, మొగుడూ పెళ్ళాలూ ఇద్దరు పిల్లలూ వేరే. వెనక టైర్లూ ఇరుసూ స్ప్రింగులూ ఆ భారమంతా మోయాలి. ముందు చక్రాలకు పట్టు తగ్గకుండా ఉండాలి. దిగుడులో అదంతా ఆపాలి. అంత మోయగల హాఫ్ టన్ను నేనైతే చూడలేదు. ఫిఫ్త్ వీలే కావాలంటే ముప్పావు టన్నో, ఒక టన్నో చూసుకోమన్నాను. లేదా చిన్న ట్రెయిలరు.

"అమ్మేవాడు ఏ ఇబ్బందీ లేదన్నాడే," అన్నాడు నొచ్చుకుంటూ. నా ఫొటోలను నమ్మినవాడు అతడినీ నమ్మాడు, తప్పు పట్టలేకపోయాను. తలుపు తీసి స్టిక్కరు చదవమని మాత్రం అడిగాను.

నిన్న రాత్రి దాని ఫొటో పంపాడు. 1,612. కింద ఏమీ వ్రాయలేదు. కొంతసేపటికి ఇంకొక ఫొటో వచ్చింది: ట్రెయిలరుకు కట్టిన బయానా రసీదు, దాని మీద వాపసు గడువు తేదీ. శుక్రవారం దాకా ఉంది.