మునుగుటకై కట్టిన ఓడ

ఓడను కట్టువాడెవ్వడును అది మునుగవలెనని కోరడు. కాని గడచిన సంవత్సరమున మేమొక యుద్ధనౌకను, అది యెన్నడో యొకనాడు మునుగునని తెలిసియే కట్టితిమి. మేమనగా ఈ పాఠశాలలో ఒకప్పుడు చదివి, ఇప్పుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురముండు తండ్రియు, అతని పదుమూడేండ్ల కుమారుడును. మన పత్రికకు ఏదైన వ్రాయుడని సంపాదకులు కోరగా, చెప్పదగిన ఘనకార్యమేదియు మాకు లేకపోవుటచే, ఈ చిన్న యోడ కథనే వ్రాయుచున్నాము.

తీగ లేకుండ దూరమునుండి విద్యుత్తరంగములచే నడపబడు పడవ క్రొత్త వింత కాదు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా పండితుడు న్యూయార్కు నగరమునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో తొట్టినీటిపై అట్టి చిన్న పడవను నడపి, చూపరులకు అచ్చెరువు గొలిపెను. ఆ యేటనే దానికి పేటెంటు హక్కును పొందెను. పిమ్మట 1970వ దశాబ్ది చివరి యేండ్లలో టెక్సాసునందలి కొందరు ఔత్సాహికులు అట్టి పడవలకు నిజముగా గుండ్లు విసరు చిన్న ఫిరంగులనమర్చి, చెరువులలో పోరాడించు క్రీడను మొదలుపెట్టిరి. ఈ క్రీడ ఇప్పుడు అమెరికాలో పలుచోట్లను, ఆస్ట్రేలియాలోను కలదు.

దీని నియమములు సులభములు. నౌక మన యిష్టము వచ్చినట్లు కల్పించినది కారాదు. ఇరువదవ శతాబ్ది తొలి సగమునాటి యుద్ధనౌకలలో ఒకదానికి నమూనా కావలెను. కొలత 144వ వంతు. అనగా అసలు ఓడలో 12 అడుగులు నమూనాలో ఒక అంగుళము. ఓడ ప్రక్కలను, పక్కటెముకల నడుమ కిటికీలవలె తెరచి, బాల్సా యను కొయ్యరేకుతో కప్పవలెను. ఇది మన పెండ్లి బాసికములకు వాడు జీలుగుబెండును తలపించునంత తేలికైనది. మేము చేరిన పద్ధతిలో రేకు మందము అంగుళములో 32వ వంతు మాత్రమే. ఫిరంగిగుండు మిరియపు గింజంత ఉక్కుగోళి. సోడాబుడ్డిలో బుసబుసలాడు బొగ్గుపులుసు వాయువునే చిన్న సీసాలో అణచియుంచి, దాని బలముతో ఆ గోళిని విసరుదురు. గోళి తగిలినచోట రేకు చిల్లిపడి నీరు లోపలికి వచ్చును. ఆ నీటిని తోడివేయుటకు విద్యుత్ పంపు నుంచుకొనవచ్చును గాని, నీరు వెడలు రంధ్రమునకొక హద్దు కలదు. కావున గాయములు హెచ్చినకొలది పంపునకు శక్తి చాలదు, ఓడ మునుగును.

మొదట మా కుమారుడు జపానువారి యమాటో నౌకను కట్టుదమనెను. అది బ్యాటిల్‌షిప్ తరగతి యుద్ధనౌకలలో మిక్కిలి పెద్దవానిలో ఒకటి. పొడవు 263 మీటర్లు. ఈ క్రీడలో తల నెరసిన వృద్ధుడొకడు మా మాట విని నవ్వి, "ఆ నమూనా ఆరడుగులుండును, బరువు 24 కిలోలు. దానిని నీటిలోనికి మోయువాడెవడు? చేతికి లొంగు ఓడతో ఆరంభింపుడు. మొదట తేలుట, పిదప నడచుట, ఆ పిదప నీరు తోడుట, చిట్టచివరకు కాల్చుట, ఈ వరుస తప్పకుడు" అని హితము చెప్పెను.

అందుచే జర్మనీవారి ఫొన్ డెర్ టాన్ అను నౌకను ఎన్నుకొంటిమి. దాని పొడవు 171.7 మీటర్లు, బరువు 19,370 టన్నులు. పొడవును 144చే భాగింప 119 సెంటీమీటర్లు వచ్చెను. బరువును గూడ అట్లే ఒక్కసారి భాగింపబోయిన మా కుమారుడు, పొడవు, వెడల్పు, లోతు మూడును తగ్గినపుడు బరువు 144ను మూడుమార్లు హెచ్చవేయగా వచ్చు 29,85,984వ వంతగునని తానే గ్రహించి, ఆరున్నర కిలోలని లెక్కతేల్చెను. తరగతిలో ఘనమూలములనిన విసుగుకొను బాలుడు ఆ రాత్రి భోజనమునకు పిలిచినను లేవలేదు.

ఫైబర్ గ్లాసుతో పోతపోసిన ఓడ ఒడలిని కొని తెచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, కిటికీలు కోసితిమి. బాల్సా రేకులను అతికి, వానిపై పలుచని కాగితమును పరచి లక్క పూసితిమి. రెండు మోటారులు, చుక్కాని త్రిప్పు సర్వో, బ్యాటరీ, పంపు, వాయువు సీసా ఒక్కొక్కటే లోన చేరెను. స్నానపు తొట్టిలో దింపగానే ఓడ ఎడమకు ఒరిగిపోయెను. బ్యాటరీని పైన నుంచుటయు, సీసాను ఎడమ ప్రక్కన నుంచుటయు మా తప్పులు. బరువు వస్తువు అడుగునను, నడుమను ఉండవలెనని పుస్తకములో చదివియుంటిమి గాని, తొట్టి చెప్పినంత గట్టిగా పుస్తకము చెప్పలేదు.

మూడు మాసములకు మొదటి యుద్ధమునకు వెళ్లితిమి. చెరువు నడుములోతు. గట్టున నిలిచిన వారందరును, చూడవచ్చినవారు సైతము, కన్నులకు గట్టి అద్దములు పెట్టుకొనవలెను. లేనివానిని దగ్గరకు రానీయరు. మా ఓడ పది నిమిషములు పోరాడెను. పిదప దాని వెనుక భాగము క్రుంగసాగెను. పంపును మేము నడిమిభాగమున నుంచితిమి. నీరేమో వెనుకకు చేరెను. పంపు గాలిని తోడుచుండ ఓడ నీటిని త్రాగుచుండెను. నీరు ఒక ప్రక్కకు పరుగెత్తినకొలది ఓడ ఆ ప్రక్కకే యొరగును. ఒరిగినకొలది మరింత నీరు అచ్చటికే పోవును. మా కుమారుడు మీటలను ఎంత త్రిప్పినను ఫలము లేకపోయెను. మా యంత్రము వాడు తరంగములు నీటిలోనికి చొరజాలవు. ఓడ మునిగినచోట, దానికి దారముతో కట్టిన చిన్న బెండు పైకి తేలెను. బాలుడు కన్నీరు తుడుచుకొనుచు నీటిలో దిగి, ఆ దారము పట్టుకొని ఓడను పైకి తీసెను. వృద్ధుడు వాని భుజము తట్టి, "నేటితో నీవు మాలో ఒకడవైతివి" అనెను.

ఆ రాత్రి వాడు అసలు ఓడ చరిత్రను చదివెను. 1916వ సంవత్సరము మే 31వ తేదీన జట్లండు యుద్ధములో ఫొన్ డెర్ టాన్ కాల్పులకు ఇన్‌డిఫాటిగబుల్ అను ఆంగ్ల నౌక ప్రేలి మునిగెను. వేయిమందికి పైగా మరణించిరి; బ్రదికినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. "నాన్నగారూ, వారికి బెండు కట్టిన దారము లేదుగదా" అని వాడడిగెను. మా ఓడ మునిగినపుడు తడిసినవి మా బట్టలు మాత్రమే. యుద్ధమునకును ఆటకును గల యెడమును మేము వానికి బోధింప నక్కరలేకపోయెను. ఆ జర్మను ఓడను 1919వ సంవత్సరము జూను 21వ తేదీన స్కాపా ఫ్లో రేవులో దాని నావికులే ముంచివేసిరి. 1930లో దానిని పైకెత్తి, పిదప విరుగగొట్టి ఇనుముగా అమ్మిరి.

తరువాతి వారములలో మా ఓడను సరిదిద్దితిమి. అడుగున ఇరుప్రక్కల నీరు పీల్చని తేలిక దిమ్మలను నింపి, నడుమ ఒక కాలువ విడిచి, ఆ కాలువయొక్క అన్నిటికంటె పల్లపుచోట పంపు నుంచితిమి. ఇట్లు చేయుటచే నీరు ఎచ్చట చొచ్చినను పంపుకడకే చేరును.

రెండవ పర్యాయము రెండు దినముల పోటీకి వెళ్లితిమి. ఇచ్చట మార్కుల సంగతి చెప్పవలెను. నీటిగీతకు పైనున్న ప్రతి చిల్లికి 10, గీతపై దానికి 25, గీత క్రింది దానికి 50 చొప్పున ఎదుటి పక్షమునకు చేరును. పోరు ముగిసిన పిదప ప్రతివాడును తన యోడ గాయములను తానే లెక్కించి చెప్పును. మా ఓడ ఆ దినము మునుగలేదు. ఉత్సాహముతో దానిని తిరుగవేసి లెక్కించితిమి. అడుగుభాగమున, దిమ్మ ప్రక్కన, ఒక చిన్న చీలిక కనబడెను. అది గోళిదెబ్బయో, చెరువులోని పుల్ల గీచినదో యని ఒక్క క్షణము తోచెను. దానిపై బొటనవ్రేలు జార్చి ముందుకు పోయితిమి. ఇంతవరకు మేమనుచు వ్రాసితిమి గాని, ఈ ఒక్క వాక్యమున మా కుమారునికి భాగము లేదు. వాడు అప్పుడు కాగితముపై అంకెలు వేయుచుండెను. ఆ సాయంకాలము మా పక్షము 30 మార్కులతో గెలిచినదని ప్రకటించిరి.

రాత్రి బసలో చిల్లులు పూడ్చునపుడు చేయు ఒక పద్ధతి కలదు. దీపము లార్పి, ఓడ గర్భమున చిన్న విద్యుద్దీపమునుంచినచో చిల్లులన్నియు చుక్కలవలె మెరయును. మా కుమారుడు ఒక్కొక్క చుక్కను కాగితముతో చూచుకొనుచు పూడ్చెను. చివరకొక చుక్క మిగిలెను. గుండ్రనిది, గోళి యంతది. "నాన్నగారూ, ఇది లెక్కలో లేదే" అనెను. ఈ బడి ప్రార్థనాశాలలో కుంచము క్రింది దీపమును గూర్చి చిన్ననాట మేము వినిన ఉపదేశము ఇన్నేండ్లకు ఆ చీకటిగదిలో మాకర్థమయ్యెను. "నాయనా, నేను చూచితిని, చూచియు చెప్పలేదు" అంటిమి. వాడు మరేమియు అడుగలేదు. అడిగియుండిన కొంత తేలికగా నుండెడిది.

మరునాటి యుదయమున అందరియెదుట ఆ 50 మార్కులను చేర్పుడని చెప్పితిమి. గెలుపు 20 మార్కుల ఓటమిగా మారెను. మా పక్షమువాడొకడు మధ్యాహ్నమువరకు మాతో మాటాడలేదు. అతని కోపము న్యాయమే. ఎదుటి పక్షమున నున్న ఆ వృద్ధుడు మాత్రము మా కుమారుని పిలిచి, "నా కన్నులు మందగించినవి. నేడు నా ఓడ గాయములను నీవు లెక్కించెదవా?" అని అడిగెను. ఆ పిలుపు తండ్రిని గూర్చినది కాదు, కుమారుని గూర్చినదే. అయినను మేము దానిని మన్ననగానే తీసికొంటిమి.

విద్యార్థులారా, మీరును ఓడను కట్టదలచినచో ఫిరంగితో మొదలుపెట్టకుడు. అణచిన వాయువును, ఉక్కుగోళియు ఆటవస్తువులు కావు. తెలిసిన పెద్దల తోడును, ఆ దేశపు చట్టము అనుమతియు, కంటి అద్దమును లేనిదే వానిని తాకరాదు. ఫిరంగి లేకున్నను ఓడ ఓడయే. మన దేశమున ఎన్.సి.సి. నౌకావిభాగమువారు నౌకానమూనాల పోటీలు జరుపుచున్నారు, అందు చేరవచ్చును. ఒక చిన్న ఒడలిని చేసి, నీటిలో దింపి, ఎందుకు ఒరిగినదో కనుగొనుడు. సరిదిద్ది మరల దింపుడు. వృద్ధుడు చెప్పిన వరుస మీకును చాలును.

మా ఓడ ఇప్పుడు బల్లపై నున్నది. దాని ప్రక్కలనిండ తెల్లకాగితపు మాసికలు. అడుగున, దిమ్మ ప్రక్కన, ఒక్కటి మాత్రము ఎఱ్ఱకాగితముతో వేసినది. తెల్లకాగితము అయిపోయినందున అట్లు వేసితినని మా కుమారుడు చెప్పెను. పెట్టెలో తెల్లకాగితము ఇంకను చాల నుండుట మేము చూచితిమి గాని, వానితో ఏమియు అనలేదు.