దీపం వెలిగినా వేడెక్కని గీజరు

చలికాలపు ఫజ్ర్ వేళ వుజూకు వేడినీరు లేకపోతే వృద్ధులకెంత కష్టమో చెప్పనక్కరలేదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో విద్యార్థుల ఇళ్లకు వెళ్లినప్పుడు మేము తరచూ వినే మాట: గీజరు దీపం వెలుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం వేడెక్కదు. వెంటనే థర్మోస్టాట్ పెంచుతారు, లాభముండదు.

బోరునీటిలోని లవణాలు కాగినకొద్దీ ఎలిమెంటుపై తెల్లని పెచ్చుగా గట్టిపడతాయి. ఆ పెచ్చు వేడిని నీటికి చేరనీయదు. ఎలిమెంటు లోలోపల మితిమీరి కాలి, తొడుగు చిట్లి, విద్యుత్తు నీటిలోకి దిగవచ్చు. ఏడాదికొకసారి, చలి మొదలవకముందే పెచ్చు తీయించి, ఎర్తింగు కూడా చూపించుకోవాలి. నీటిని తాకితే చేయి జివ్వుమన్నా, మెయిన్ పడిపోయినా స్విచ్చి ఆపి మెకానిక్కును పిలవండి. మళ్లీ వేసి చూడకండి. ఆ పూటకు పొయ్యిమీద కాచిన చెంబెడు నీరు వుజూకు చాలు.